టైమింగ్ బెల్టులో ఒక్క పన్ను తేడాను పట్టుకున్న కాలువగట్టు షెడ్డు

పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్లే రోడ్డులో, ఊరు దాటుతుండగా, కాలువ గట్టుకు దిగువన కొబ్బరి చెట్ల నీడలో ఒక రేకుల మెకానిక్ షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. తన పేరు రాయవద్దని యజమాని కోరారు కనుక నేనూ రాయడం లేదు. ఆ దారిలో ఎవరినైనా ‘గట్టు కింద షెడ్డు’ ఎక్కడని అడిగితే చూపిస్తారు. నాలుగు నెలల పాటు మూడు చోట్ల తిప్పినా ఎవరికీ అంతుచిక్కని మా బండి జబ్బును అక్కడ ఒక్క పూటలో, ఒక్క కొత్త భాగం కూడా కొనిపించకుండా కనిపెట్టారు. బిల్లు ఎంతయింది, ఎంతసేపు కూర్చోబెట్టారు అనే సంగతులు చివర చెబుతాను. ముందుగా ఆయన ఏ వరుసలో చూశారో చెప్పాలి, ఎందుకంటే ఆ షెడ్డు గొప్పతనమంతా ఆ వరుసలోనే ఉంది.

మాది రాజోలు దగ్గర ఒక లంక గ్రామం, జీవనాధారం కొబ్బరికాయల వ్యాపారం. నాన్నగారు కొన్న 1997 నాటి మారుతీ ఓమ్నీ ఇప్పటికీ మా దగ్గర తిరుగుతోంది. అది 796 సీసీ, మూడు సిలిండర్లు, కార్బురేటరు ఉన్న పాత రకం. రిజిస్ట్రేషన్ గడువు తీరినప్పుడల్లా పరీక్ష చేయించి పొడిగించుకుంటూ వస్తున్నాము. 2022 జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు మా వీధిలోకి కూడా నీళ్లు చేరి, బండి అడుగుభాగం రెండు రోజులు బురదనీటిలో ఉండిపోయింది. నీళ్లు తీశాక, దగ్గరి పట్టణంలో ఒక వర్క్‌షాపుకు తీసుకువెళ్లి ఆయిళ్లన్నీ మార్పించి, ముందుజాగ్రత్తగా టైమింగ్ బెల్టు (గాలి, పొగ దారులను తెరిచి మూసే వాల్వులను వేళకు నడిపే పళ్ల బెల్టు), దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ కొత్తవి వేయించాము. బెల్టు మార్చమన్న వారి సలహాలో తప్పేమీ లేదు. బురద చేరిన టెన్షనర్ బేరింగు ఎప్పుడు పట్టేస్తుందో ఎవరూ చెప్పలేరు. తప్పు జరిగింది బెల్టును కూర్చోబెట్టడంలో.

బండి ఇంటికి తెచ్చిన రోజు నుంచే పికప్ పడిపోయింది. అయితే డెల్టాలో ఆ సంగతి వెంటనే తెలియదు. నేలంతా బల్లపరుపుగా ఉండే మా ప్రాంతంలో ఎక్కుడు అంటే కాలువ గట్లు, వంతెనలే. చప్పున స్టార్టయి, స్లోలో నిలకడగా ఆడి, ఖాళీగా ఊళ్లో తిరిగినంతసేపు ఏ లోపమూ చూపని బండి, నాలుగు వందల కాయలు వేసుకుని దిండి దాటి చించినాడ వంతెన ఎక్కేసరికి చతికిలపడింది. అంతకుముందు అదే బరువుతో మూడో గేరులో ఎక్కే వంతెన మీద రెండో గేరు కూడా చాలక, వెనుక ఆగిన బస్సుల హారన్ల మధ్య మొదటి గేరు వేయవలసి వచ్చింది. పెట్రోలు ఖర్చు కూడా పెరిగింది. పొగ లేదు, మిస్సింగ్ లేదు, వింత శబ్దం లేదు. శబ్దం లేని జబ్బు కనుకనే నాలుగు నెలలు దాగింది.

ఆ నాలుగు నెలల కథ త్వరగా ముగిస్తాను. ఒకచోట కార్బురేటరు విప్పి కడిగారు. మరొకచోట ప్లగ్గులు, గాలి ఫిల్టరు, పెట్రోలు ఫిల్టరు మార్చి, ప్లగ్గులకు నిప్పురవ్వను పంచే డిస్ట్రిబ్యూటర్ కొంచెం తిప్పి ‘ఇప్పుడు బాగుంటుంది’ అన్నారు. కొంత బాగుపడిన మాట నిజమే, కానీ వంతెన మాత్రం ఎక్కలేదు. తరువాత క్లచ్ ప్లేటు మార్చారు. చివరిగా కంప్రెషన్ (సిలిండరులో గాలి నొక్కుకునే ఒత్తిడి) చూసిన వారు మూడు సిలిండర్లలోనూ తక్కువగా ఉంది కాబట్టి పిస్టన్ రింగులు పోయాయని, ఇంజిన్ దింపి బోరు (సిలిండర్లను లోపలివైపు కోసి సరిచేసే పని) చేయించాలని, 28,000 రూపాయల దాకా అవుతుందని చెప్పారు. అప్పటికే నాకు 9,400 రూపాయలు ఖర్చయ్యాయి. వీరెవరూ పని రానివారు కారు. ప్రతి ఒక్కరూ తమకు బాగా తెలిసిన భాగాన్ని ముందుగా విప్పారు; చివరి వారైతే కొలిచారు కూడా, కాని ఆ కొలత ఏమి చెబుతోందో సగమే విన్నారు.

గట్టు కింద షెడ్డుకు వెళ్లినప్పుడు ఆయన ముందు ఇంజిన్ వైపు చూడనే లేదు. “పికప్ పోకముందు ఆఖరున ఏం పని చేయించారండీ?” అని అడిగారు. వరద సంగతి, బెల్టు సంగతి చెప్పాను. “బెల్టుకు ముందు బాగానే లాగేదా?” అని మళ్లీ అడిగి, అవునన్నాక ఒక పాత నోట్‌బుక్కులో ఏదో రాసుకున్నారు. అంతమాత్రాన బెల్టు కవరు విప్పడానికి పూనుకోలేదు. అనుమానం వచ్చింది గనుక విప్పడం వేరు, మిగిలినవన్నీ కావని తేల్చుకుని విప్పడం వేరు అని ఆయన అభిప్రాయం. ముందు సీట్ల కింద ఇంజిన్ ఉండే ఓమ్నీలో బెల్టు దాకా చేరడానికే చాలా సామాను తీయాలి. ఒకసారి తీశాక ఏదో ఒకటి మార్చి బిల్లు వేయాలనిపిస్తుందని ఆయనే అన్నారు.

మొదట బండిని న్యూట్రల్‌లో పెట్టి, ఇద్దరు కుర్రవాళ్లతో చేత్తో నెట్టించారు. తేలికగా కదిలింది కాబట్టి బ్రేకులు పట్టడం లేదని తేలింది. తరువాత కొద్ది దూరం స్వయంగా నడిపి, పై గేరులో బలంగా తొక్కినప్పుడు ఇంజిన్ ఒక్కటే పరుగెత్తి బండి వెనకబడుతోందా అని చూశారు. అలా జరగలేదు కనుక క్లచ్ జారడం లేదు. రూపాయి ఖర్చు లేని ఈ రెండు పరీక్షలు ముందే ఎవరైనా చేసి ఉంటే నేను క్లచ్ ప్లేటు కొని ఉండేవాణ్ణి కాను.

బండి వేడెక్కిన తరువాత ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ఇన్‌టేక్ మానిఫోల్డుకు, ఆ పీల్చే బలాన్ని కొలిచే వ్యాక్యూమ్ గేజ్ తగిలించారు. సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న చోట ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ స్లోలో సాధారణంగా 17 నుంచి 21 అంగుళాల పాదరసం మధ్య నిలకడగా చూపాలి. ఎత్తు పెరిగిన కొద్దీ, ప్రతి వెయ్యి అడుగులకు సుమారు ఒక అంగుళం చొప్పున, ఆ అంకె తగ్గుతుంది. మన డెల్టాలో ఆ లెక్క వేసుకోవలసిన అవసరం లేదు, పుస్తకంలో ఉన్న అంకె ఉన్నట్టే వర్తిస్తుంది. మా బండి 14 దగ్గర నిలబడింది. ఆ అంకె కంటే ముల్లు ఊగకుండా ఉండటాన్ని ఆయన ఎక్కువ శ్రద్ధగా చూశారు. ఒక వాల్వు కాలిపోయి ఉంటే ఆ సిలిండర్ వంతు వచ్చినప్పుడల్లా ముల్లు కిందికి కొట్టుకుంటుంది. తక్కువగా ఉండి, కదలకుండా ఉందంటే లోపం ఒక్క సిలిండరుది కాదు, అన్నిటికీ ఉమ్మడిది.

ఉమ్మడి లోపాలు కూడా కొన్నే ఉంటాయి, వాటిని ఒక్కొక్కటిగా తీసివేశారు. మానిఫోల్డు, కార్బురేటరు గాస్కెట్ల చుట్టూ క్లీనర్ స్ప్రే కొట్టి ఇంజిన్ వేగం మారుతుందేమో విన్నారు; మారలేదు, అంటే గాలి దొంగదారిన లోపలికి పోవడం లేదు. ఇంజిన్ వేగం పెంచి కొంతసేపు అలాగే పట్టి ఉంచారు. సైలెన్సర్ లోపల మూసుకుపోయి ఉంటే ముల్లు మెల్లగా జారుతూ పోవాలి, అది జారలేదు. టైమింగ్ లైట్ వేసి చూస్తే నిప్పురవ్వ సరైన సమయానికే పడుతోంది. ఇక్కడే ఆయన ఆగిపోయారు.

ఆయన ఎందుకు ఆగారో నాకు అప్పుడు అర్థం కాలేదు, అంతా సరిగా ఉందనుకున్నాను. ఆయన నన్ను దగ్గరకు పిలిచి డిస్ట్రిబ్యూటర్‌ను చూపించారు. దాన్ని కొద్దిగా అటూ ఇటూ తిప్పి బిగించడానికి బోల్టు దగ్గర ఒక పొడవాటి కన్నం ఉంటుంది. బోల్టు ఆ కన్నం మధ్యలో ఎక్కడో ఉండవలసింది, మా బండిలో ఒక చివరకంటా పోయి ఉంది. పక్కన ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు మీద పాత స్థానం గీత గీసినట్టు తెలుస్తోంది. ఇరవై ఏళ్లకు పైగా అక్కడే ఉన్న డిస్ట్రిబ్యూటర్‌ను ఈమధ్య ఎవరో చాలా దూరం తిప్పారు, తిప్పితే గాని నిప్పురవ్వ సమయానికి రాలేదు. ఈ ఇంజిన్‌లో డిస్ట్రిబ్యూటర్‌ను తిప్పేది, వాల్వులను తెరిచి మూసే క్యామ్‌షాఫ్టే (క్యామ్). క్యామ్ వెనకబడితే నిప్పురవ్వ కూడా వెనకబడుతుంది. అంతకుముందు చూసినవారు చెవితో విని, డిస్ట్రిబ్యూటర్ తిప్పి నిప్పురవ్వను ముందుకు తెచ్చారు. కానీ వాల్వులు తెరుచుకునే వేళ, మూసుకునే వేళ అలాగే వెనకబడి ఉండిపోయాయి. అందుకే ఆనాడు కొంత బాగుపడింది, కొంత పడలేదు. టైమింగ్ లైట్ చూసినవారికి అంతా సవ్యంగా కనిపించడానికీ ఇదే కారణం. జబ్బును సగం నయం చేసిన పని, మిగిలిన సగాన్ని కప్పిపెట్టింది.

అయినా ఆయన కంప్రెషన్ మళ్లీ చూడకుండా కవరు ముట్టుకోలేదు. ఈ పరీక్షను ఎలా చేయాలో ఇక్కడ కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే దీన్ని సగం సగం చేసే నాకు బోరు పని చెప్పారు. ఇంజిన్ వేడిగా ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి, మూడు ప్లగ్గులూ తీసివేయాలి, కాయిల్ వైరు ఊడదీయాలి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి పట్టాలి. అలా చేస్తే మొదటి దానిలో 135, రెండో దానిలో 132, మూడో దానిలో 136 పీఎస్‌ఐ వచ్చాయి. తరువాత ఒక్కొక్క సిలిండరులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూశారు. రింగులు అరిగి ఉంటే ఆ ఆయిల్ సందులను పూడ్చి అంకె బాగా పైకి లేవాలి. మాకు ఐదారు పాయింట్లకు మించి పెరగలేదు. “మూడు సిలిండర్లూ మాట్లాడుకున్నట్టు ఒకేలా అరగవండీ” అన్నారాయన. మూడూ ఒకే లెక్కన తక్కువగా ఉండి, ఆయిల్ పోసినా పెరగలేదంటే, గాలి కారిపోవడం లేదు, అసలు లోపల నిలవడమే తక్కువగా ఉంది.

అది ఎలా జరుగుతుందో ఆయన చెప్పిన తీరులోనే చెబుతాను. పిస్టన్ కిందికి దిగుతూ పెట్రోలు కలిసిన గాలిని పీల్చుకుంటుంది. అది అట్టడుగుకు చేరి మళ్లీ పైకి తిరిగిన కొద్దిసేపటికి ఇన్‌టేక్ వాల్వు మూసుకుంటుంది. క్యామ్ ఆలస్యమైతే ఆ మూసుకోవడం కూడా ఆలస్యమై, పైకి వస్తున్న పిస్టన్ పీల్చిన గాలిలో కొంత భాగాన్ని వచ్చిన దారినే వెనక్కి నెట్టేస్తుంది. ఇంజిన్ వేగంగా తిరుగుతున్నప్పుడు లోపలికి దూసుకువచ్చే గాలి ఊపు దీన్ని కొంత అడ్డుకుంటుంది, కాబట్టి ఖాళీ రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు లోటు అంతగా తెలియదు. నెమ్మదిగా, బరువుతో, ఎక్కుడు ఎక్కేటప్పుడు ఆ ఊపు ఉండదు. చించినాడ వంతెన మీద మా బండి పడిన అవస్థ సరిగ్గా ఇదే. దీనికి విరుద్ధంగా క్యామ్ ఒక పన్ను ముందుకు పడి ఉంటే కింది వేగాల్లో బాగానే లాగి, పై వేగాల్లో ఊపిరాడనట్టు ఆగిపోయేదని కూడా చెప్పారు. కాబట్టి ‘పికప్ లేదు’ అని మాత్రమే చెప్పకుండా, ఎప్పుడు లేదో చెప్పగలిగితే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది.

అప్పుడు కవరు విప్పారు. పిస్టన్లు తిప్పే క్రాంక్ చక్రం మీది గుర్తును దాని స్థానానికి తెచ్చి చూస్తే, పైన క్యామ్ చక్రం గుర్తు ఒక్క పన్ను వెనుక ఉంది. చూడటానికి అది చిటికెన వేలి గోరంత దూరం. కానీ క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి క్యామ్ చక్రానికి రెట్టింపు పళ్లు ఉంటాయి; క్రాంక్ చక్రానికి 20 పళ్లు ఉన్నాయనుకుంటే ఒక్క పన్ను తేడా క్రాంక్ లెక్కలో 18 డిగ్రీలు. గుర్తులను కూడా ఆయన గుడ్డిగా నమ్మలేదు. చక్రాన్ని పట్టి ఉంచే తాళంచెక్క అరిగితే గుర్తు అబద్ధం చెబుతుందని, మొదటి సిలిండర్ ప్లగ్గు కన్నంలో మెత్తని ప్లాస్టిక్ గొట్టం పెట్టి, పిస్టన్ నిజంగా పైకంటా వచ్చిందో లేదో చూసుకున్నారు. మా ఊళ్లో కొందరు ఈ పనికి కొబ్బరి ఈనె వాడతారు. అది లోపల విరిగితే హెడ్డు విప్పవలసి వస్తుందని ఆయన దాన్ని తమ షెడ్డులో వాడనివ్వరు.

తప్పు ఎలా జరిగి ఉంటుందో కూడా చూపించారు. వాల్వు స్ప్రింగుల ఒత్తిడి వల్ల క్యామ్ తనంతట తాను కొద్దిగా తిరగడానికి చూస్తుంది. బెల్టు వేసేటప్పుడు వదులంతా టెన్షనర్ ఉన్న వైపు ఉండాలి, లాగే వైపు బిగువుగా ఉండాలి. లాగే వైపు కొంచెం వదులు మిగిలిపోతే క్రాంక్ ముందు ఆ వదులును లాక్కుని, ఆ తరువాతనే క్యామ్‌ను తిప్పుతుంది. బెల్టు వేయగానే గుర్తులు సరిగానే కనిపిస్తాయి, తప్పు బయటపడేది తిప్పినప్పుడే. అందుకే బెల్టు వేశాక క్రాంక్‌ను స్పానరుతో చేత్తోనే రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ చూడాలి. రెండు నిమిషాలు పట్టే ఆ పని నా బండికి చేయలేదు. ఆయన వాల్వుల సందును సరిచేసే టాపెట్ స్క్రూలన్నీ వదులు చేసి క్యామ్ మీద ఒత్తిడి లేకుండా చేశారు, బెల్టు సరిచేశారు, టెన్షనర్ బిగించారు, రెండు చుట్లు తిప్పి గుర్తులు చూశారు, తృప్తి చాలక మరో రెండు చుట్లు తిప్పారు. ఆ తరువాత సందును కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి టాపెట్లు సరిచేశారు.

నాకు మరపురాని ఘట్టం దాని తరువాత వచ్చింది. టైమింగ్ లైట్ పట్టుకుని డిస్ట్రిబ్యూటర్‌ను మెల్లగా వెనక్కి తిప్పుతూ పోయారు. నిప్పురవ్వ సరైన చోటికి వచ్చినప్పుడు డిస్ట్రిబ్యూటర్ సరిగ్గా ఆ పాత జిడ్డు గీత మీదికి వచ్చి కూర్చుంది. వేరే సాక్ష్యం అక్కర్లేదని ఇద్దరు కుర్రవాళ్లకూ దాన్ని పిలిచి చూపించారు. వ్యాక్యూమ్ ముల్లు 19 దగ్గర నిలబడింది, కంప్రెషన్ మూడింటిలోనూ 170కి అటూ ఇటూగా వచ్చింది. బోరు చేయించాలన్న ఇంజిన్‌ది ఈ లెక్క.

ఇక సేవ సంగతులు. మొత్తం 1,600 రూపాయలు తీసుకున్నారు, అందులో కొత్త భాగం ఏదీ లేదు. నాలుగు నెలల బెల్టును మళ్లీ అదే వేయడం నాకు కొంత బెరుకుగా అనిపించి, కొత్తది తెస్తానన్నాను. ఆయన దాన్ని వంచి, పళ్ల మొదళ్లు, వీపు, అంచులు వెలుతురులో చూపించి, పగులు గాని ఆయిల్ మరక గాని లేదని, తిరిగే దిశ మారకుండా బాణం గుర్తు వేసుకునే విప్పానని చెప్పి వద్దన్నారు. ఈ ఒక్క విషయంలో నా అభిప్రాయం ఆయనకు భిన్నంగానే ఉంది: అంత సామాను విప్పినప్పుడు బెల్టు ఖర్చు పెద్దది కాదు, నన్ను వేయనిచ్చి ఉంటే బాగుండేది. అయితే ఇది రాసే నాటికి అదే బెల్టుతో ఏడాదికి పైగా ఇబ్బంది లేకుండా తిరుగుతున్నాను.

లోపాలు లేకపోలేదు. అచ్చు బిల్లు ఇవ్వరు, చీటీ మీద రాసిస్తారు. కూర్చోవడానికి ఒక చెక్క బల్ల తప్ప ఏమీ లేదు, వాన వస్తే రేకుల సందుల్లోంచి నీళ్లు కారి పని ఆపవలసి వస్తుంది. ఫోనులో సమయం ఇవ్వరు. నేను ఉదయం ఎనిమిదింటికి వెళితే నా వంతు పదకొండు దాటాక వచ్చింది. సెన్సార్లు ఉన్న కొత్త కార్లను ఆయన తీసుకోరు. వాటిలో క్యామ్, క్రాంక్ పొంతన తప్పితే కంప్యూటరే పీ0016 లాంటి కోడ్ చూపిస్తుంది, దాన్ని చదివే స్కానర్ ఆయన దగ్గర లేదు, ఆ సంగతి మొదటే చెప్పి పంపించేస్తారు. లేని పనిని ఉన్నట్టు చెప్పకపోవడం నాకు నచ్చింది, కానీ కొత్త బండి ఉన్నవారు అంత దూరం వెళ్లి వెనక్కి రాకుండా ఇది తెలుసుకోవడం మంచిది.

కార్బురేటరు బండ్లు, మారుతీ 800లు, పాత ఓమ్నీలు ఉన్నవారు నిస్సంకోచంగా వెళ్లవచ్చు. ఆదివారం మూసి ఉంటుంది. వెళ్లేటప్పుడు బండిలో ఇంతవరకు ఎవరు ఏ పని చేశారో, ఏ తేదీన చేశారో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి, పాత చీటీలు ఉంటే అవీ తీసుకువెళ్లండి. ఆయన మొదట అడిగేది అదే.